రాప్టర్ చేతులు

బొమ్మకు చేతులు ఎప్పుడూ ఆఖర్నే పెడతాడు కాటప్ప. మొండెం ఎవరైనా నిలబెడతారు, మొహం కొందరికి కుదురుతుంది, చేతుల దగ్గరికి వచ్చేసరికి పనివాడెవడో ఉత్త సిమెంటు పూసేవాడెవడో తేలిపోతుందని ఆయన నమ్మకం. నలభై ఏళ్లు ఆ నమ్మకంతోనే గోపురాల మీద ద్వారపాలకులకు వేళ్లు తీర్చాడు, అమ్మవార్ల గుప్పిట్లో శూలాలు నిలిపాడు. ఆ బుధవారం పొద్దున మాత్రం ఆయన ముందు నిలబడి ఉన్నది దేవుడు కాదు, దేవుడి వాహనమూ కాదు. రాప్టర్ అనే డైనోసార్.

తిరుమణి ఊరు దాటాక, సోలార్ పలకల కంచె పక్కన, ఆ పలకల కంపెనీవాళ్లు పిల్లలకు పార్కు కట్టించి ఇస్తున్నారు. ఊయలలు వచ్చాయి, జారుడుబండ వచ్చింది. గేటు దగ్గర ఒక డైనోసార్ ఉంటే పావగడ నుంచి కూడా జనం వస్తారని కాంట్రాక్టర్ గోపికృష్ణకు తోచింది. తోచిందే తడవు కాటప్పను పిలిపించి తన ఫోన్లో సినిమా బొమ్మ ఒకటి చూపించాడు. మనిషికి ఒకటిన్నర రెట్లు ఎత్తు, ఉడుము చర్మం, నోటి నిండా పళ్లు, రొమ్ము ముందు వేలాడే రెండు చేతులు, అరచేతులు నేల వైపు. మూడు వారాలుగా కాటప్ప దాన్నే చేస్తున్నాడు. చువ్వలు వంచి కట్టాడు, వాటి మీద సన్న జాలీ చుట్టాడు, సిమెంటు పాలలో ముంచిన గోనెపీలికలు ఒకదాని మీద ఒకటి వేశాడు, ఆపైన జల్లించిన ఇసుకతో మూడు పూతలు పూశాడు. ఒక్కొక్క పన్నూ విడిగా చేసి అతికించాడు.

డైనోసార్ మీద ప్రేమతో ఒప్పుకున్న పని కాదిది. నిడుగల్లు కొండకింద ఒక దేవళానికి కొత్త గోపురం లేస్తోంది. ఆ కాంట్రాక్టూ గోపికృష్ణదే. ఈ బొమ్మ కుదిరితే గోపురం బొమ్మలన్నీ నీకేనని మాట ఇచ్చాడు. అచ్చుల్లో పోసిన ఫైబర్ బొమ్మలు లారీల్లో దిగడం మొదలైనప్పటి నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా, కాటప్ప గోపురం ఎక్కలేదు. వయసు అరవై నాలుగు. ఇంకొక గోపురం దొరికితే అదే తన ఆఖరి గోపురమని ఆయనకు తెలుసు. అది దొరకకుండా పోతే ఎలాగనే దిగులుతోనే ఏడాదిగా తిన్న తిండి ఒంటికి పట్టడం లేదు.

కుడిచేతి మూడు వేళ్లకూ గోళ్లు పెట్టి, రంపపు బ్లేడు అరగదీసి చేసుకున్న చిన్న కత్తితో అంచులు తీరుస్తుండగా నేత్రావతి వచ్చింది. పంచాయతీ గ్రంథాలయం చూసుకునే అమ్మాయి. చేరి ఏడాది అయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బొమ్మ ముందు నిలబెట్టే బోర్డుకు నాలుగు మాటలు రాసిమ్మని పంచాయతీ అధ్యక్షుడు ఆదినారాయణప్ప అడిగితే రాసుకొచ్చింది. అధ్యక్షుడూ కాంట్రాక్టరూ రేకుల నీడన కుర్చీలు వేసుకుని టీ తాగుతున్నారు.

"చదువు పాపా, విందాం" అన్నాడు ఆదినారాయణప్ప.

ఆమె కాగితం విప్పింది. "రాప్టర్లు పక్షులకు దగ్గరి చుట్టాలు. వీటి ఒంటి నిండా ఈకలు ఉండేవి. ముందు చేతులు రెక్కల మాదిరిగా ఉండేవి, కానీ ఇవి ఎగరలేవు. సినిమాల్లో చూపించే రూపం సరైనది కాదు..."

"ఆపమ్మా, ఆపు" అన్నాడు గోపికృష్ణ. "ఈకలేంది, రెక్కలేంది? పిల్లోళ్లు జడుసుకోవాల, పక్కన నిలబడి ఫోటో దిగాల. నువ్వేమో కోడి కథ రాసుకొచ్చినావు."

"ఎముకలు దొరికినాయి సార్. ఎముకల మీద ఈకలు నాటుకున్న గుర్తులుండాయి. పుస్తకంలో ఉండేదే రాసినాను."

అక్కడ కాటప్ప ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నిచ్చెన మీద నుంచే, "ఇంగేం పాపా, గేటుకాడ కోళ్ల ఫారమని రాయించు. గుడ్లు గూడా అమ్ముకోవచ్చు" అన్నాడు.

కుర్చీల్లోవాళ్లు నవ్వారు, ఊయలలకు రంగు వేసేవాళ్లూ నవ్వారు. గోపికృష్ణ నవ్వుతూనే ఆమె చేతిలో కాగితం తీసుకుని, రాసినదంతా అడ్డంగా కొట్టేసి, కింద తను చెప్పింది ఆమె చేతనే రాయించాడు. భయంకరమైన వేట జంతువు, గుంపులుగా తిరిగి వేటాడేది, మహా తెలివైనది. నేత్రావతి కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని అక్షరం అక్షరం రాసింది. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కసారి తలెత్తి కాటప్ప వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. నువ్వు కూడానా అన్నట్టు చూసి వెళ్లిపోయింది.

ఆమె గేటు దాటకముందే గోపికృష్ణ అన్నాడు, "ఇట్లాటోళ్లని పెట్టుకుంటే ఎట్లప్పా? కంపెనీవాళ్ల ముందర గూడా ఇట్లనే పాఠం చెప్తాది. పుస్తకాలు తుడిచేదానికి ఇంగెవురూ దొరకలేదా మీకు?"

"చూద్దాంలే" అన్నాడు అధ్యక్షుడు. కాదనలేదు.

కాటప్ప విన్నాడు. తన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. దాన్నేం చేసుకోవాలో తెలియక ఎడమచేతి చువ్వలకు జాలీ చుట్టడం మొదలుపెట్టాడు.

*

మరుసటి పొద్దున్నే ఇంటి ముందర భార్య కెంచమ్మ కోడిపెట్టను చంకలో ఇరికించుకుని కత్తెర పట్టుకొచ్చింది. "ఇదో, దీన్ని కాస్త పట్టుకో. గోడ దూకి ఓబక్కావాళ్ల చెనిక్కాయలన్నీ మేస్తాండాది. ఈకలు కత్తిరిస్తా."

కాటప్ప మెట్టు మీద కూచుని కోడిని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. కుడి రెక్క సాగదీసి పట్టుకుంటే కెంచమ్మ పెద్ద ఈకలు చివర్లు కత్తిరించింది. ఊరందరూ చేసే పనే. ఆయన చిన్నప్పటి నుంచి ఎన్ని కోళ్ల రెక్కలు పట్టుకున్నాడో లెక్కలేదు. పట్టుకున్నాడే గాని ఏనాడూ చూడలేదు. ఆ పొద్దు మాత్రం, రెక్క వదిలేయబోయి ఆగాడు. మళ్లీ సాగదీశాడు. మళ్లీ ముడిచాడు.

భుజం, మోచేయి, మణికట్టు, అన్నీ ఉన్నాయి. ఆ మణికట్టు పక్కకే ముడుచుకుంటోంది, విసనకర్ర మూసినట్టు. అరచేయి అనదగ్గది ఎప్పుడూ ఒంటి వైపే చూస్తోంది. దాన్ని నేల వైపు తిప్పి చూద్దామని రెండు వేళ్లతో మెల్లగా మెలిపెట్టాడు. కోడి గగ్గోలు పెట్టింది.

"ఏంది, దాని రెక్క ఇరిచేస్తావా ఏంది?" అని కెంచమ్మ లాక్కుంది.

కాటప్ప తన చేతులు చూసుకున్నాడు. ఆ అమ్మాయి చదివిన కాగితంలో రెక్కల మాదిరి చేతులు అని ఉంది. ఆ మాట నిజమయ్యేటట్టయితే తను రెండు రోజులుగా తీర్చిన చేతులు చేతులే కావు. ఆ అనుమానం పంటి కింద రాయిలా తగిలి, సద్ది సంగటి సగంలో వదిలేసి, చొక్కా వేసుకుని పంచాయతీ దారి పట్టాడు.

గ్రంథాలయంలో నేత్రావతి ఒక్కతే ఉంది. పాత పత్రికలకు దారం వేసి కుడుతోంది. ఆయన్ను చూసి లేచి నిలబడింది, కూచోమని బల్ల చూపించింది, మళ్లీ సూది అందుకుంది.

"ఆ పుస్తకం ఒకసారి చూపిస్తావా పాపా" అన్నాడు కాటప్ప. తప్పయిందని కూడా అనాలనుకున్నాడు. అనలేక, బల్ల మీది పత్రికలు పక్కకు జరిపాడు. దేవుళ్లకు మొహాలు చేసినవాడికి మనిషి మొహం చూసి తప్పు ఒప్పుకోవడం అంత సులువు కాదు.

ఆమె పుస్తకం తెచ్చి పరిచింది. పేజీ నిండా ఒక పక్షిలాంటి జంతువు. గోధుమరంగు ఈకలు, పొడుగు తోక, కాలికి పైకి లేచిన ఒక వంకీ గోరు. పక్క పేజీలో ఎముకలు. ఆమె మొదట ముక్తసరిగా చెప్పింది, చెప్పే కొద్దీ గొంతు మారింది.

"ఇది మంగోలియా ఎడారిలో దొరికింది తాతా. ఈ ముంజేతి ఎముక మీద వరసగా బుడిపెలు కనిపిస్తాండాయి గదా, పక్షులకి ఈకలు నాటుకునేది అట్లాంటి బుడిపెల కాడనే. అందుకే దీనికి ఈకలుండినాయని గట్టిగా చెప్తారు."

"ఈ గోరు? కడుపు చీల్చేదానికేనా?"

"సినిమాలో అట్ల చూపిస్తారు. డేగ చూడు, ఎలకని కాలికింద తొక్కిపట్టి తింటాది. ఇదీ అట్ల తొక్కిపట్టేదానికే అంటాండారు ఇప్పుడు. ఒక చోట ఇదీ, ఇది వేటాడిన జంతువూ, ఒకదాన్నొకటి పట్టుకుని కొట్లాడతానే ఇసకలో పూడిపోయినాయి. అట్లనే దొరికినాయి రెండూ."

"గుంపులుగా తిరిగేవని రాయించినాడు గదా సారు."

"దానికి సాక్ష్యం లేదు తాతా. సినిమాలో మాదిరి తలుపు గొళ్లెం తీసేంత తెలివీ లేదు. తెలివి పక్షికుండేంత ఉండిండొచ్చు."

కాటప్ప ఎముకల బొమ్మ మీదికి వంగాడు. మణికట్టు దగ్గర అర్ధచంద్రంలా ఉన్న చిన్న ఎముక మీద వేలు పెట్టాడు. ఆ పొద్దున మోకాళ్ల మధ్య కదిలింది ఇదే. పుస్తకం చదవకుండానే ఆయన చేతికి తెలిసిపోయింది.

"అయితే నేను పెట్టిన చేతులు..." అన్నాడు.

నేత్రావతి తన రెండు చేతులూ ఎదురెదురుగా పట్టి చూపించింది. "చప్పట్లు కొట్టేటప్పుడు చేతులు ఉండే మాదిరి ఉంటాయి తాతా, ఒకదాన్నొకటి చూసుకుంటా. నువ్వు పెట్టినట్ల అరచెయ్యి కిందికి తిరగల్లంటే మణికట్టు ఇరగల్ల."

నలభై ఏళ్లలో కాటప్ప చేతిపనికి వంక పెట్టినవారు లేరు. ఈ అమ్మాయి వంక కూడా పెట్టలేదు, ఉన్న మాట చెప్పింది. బోర్డు నిన్నటి మాటలతోనే రాయించేశారా అని అడిగాడు. రాయించేశారని, ఆదివారం వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చే పని తనకు అప్పజెప్పారని, వచ్చే నెల నుంచి తను ఉంటుందో లేదో తెలియదని ఆమె చెప్పింది. చెప్పి మళ్లీ దారం ఎక్కించుకుంది.

*

శుక్రవారం గోపికృష్ణ జీపు దిగగానే కాటప్ప ఎదురెళ్లాడు. "సారూ, చేతులు తప్పు పడినాయి. రెండు రోజులు ఇస్తే విప్పి మళ్లీ కడతా. ఈకలు గూడా గీస్తే..."

"ఆ పాప నీకు గూడా ఎక్కించిందా?" గోపికృష్ణ నవ్వాడు. "మేస్త్రీ, ఆదివారం పదిన్నరకి కంపెనీ పెద్దోళ్లు వస్తారు. బొమ్మ సినిమాలో మాదిరే ఉండాది, అందరికీ నచ్చినాది. పొలుసులు గీసేసి, ఆదివారం పొద్దున్నే కన్ను పెట్టేయ్. అయిపోయె."

"చెయ్యి వంకరుండే బొమ్మకి కన్ను తెరవగూడదు సారూ. మా గురువు కాలం నుంచీ లేదు."

"ఇదేమన్నా దేవుడా?"

"చేసేటోడికి దేవుడైనా దయ్యమైనా ఒకటే గదా సారూ. చెయ్యి చెయ్యే."

గోపికృష్ణ నవ్వు ఆపాడు. భుజం మీద చేయి వేసి, గొంతు తగ్గించి, "గోపురానికి ఫైబరోళ్లు నా ఎనకాల తిరగతాండారు. అయినా నీకే ఇస్తానన్నా. ఎందుకన్నా? చెప్పింది చేస్తావని. ఆలోచన చేసుకో" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాటప్ప తల ఊపి నిచ్చెన దగ్గరికి నడిచాడు.

శనివారమంతా ఒంటి మీద పల్చగా ఆఖరి పూత పూస్తూ పొలుసులు గీశాడు. చెంచా అంచు తడి సిమెంటులో నొక్కి, కొంచెం పైకి లాగి వదలాలి. ఒక్కొక్కటి ఒక్కొక్క పొలుసు. వీపు మీద పెద్దవి, పొట్ట దగ్గర చిన్నవి. సోలార్ పలకలు కడిగేవాళ్లు పని దిగి వెళుతూ గేటు దగ్గర ఆగి, అబ్బా ప్రాణం ఉన్నట్టే ఉందని మెచ్చుకున్నారు. ఎప్పుడూ అలాంటి మాటకు మీసం కింద నవ్వుకునే మనిషి, ఈసారి గోనెపట్టలు తడిపి చేతుల మీద కప్పేశాడు. సిమెంటు పదును తప్పకుండా కప్పాడని వాళ్లనుకున్నారు. చూడలేక కప్పాడు. సిగ్గేసింది ఆయనకు. చేయి తప్పు పెట్టినందుకు కాదు, ఆ తప్పును ఎత్తి చూపిన పిల్లను పదిమందిలో నవ్వులపాలు చేసినందుకు.

ఇంటికి వస్తే కెంచమ్మ ఉత్సాహంగా ఉంది. గోపురం పని మొదలైతే నిడుగల్లులోనే ఏదైనా గది చూసుకుందామని, తనూ వచ్చి వండిపెడతానని చెప్పింది. "నిన్ను గోపురం మీద చూసి ఎన్నేండ్లాయె" అంది. కాటప్ప ఆమె మొహం చూసి, చెప్పదలుచుకున్నది చెప్పలేకపోయాడు.

*

ఆదివారం ఎనిమిదింటికల్లా గేటు ముందు షామియానా లేచింది. కంపెనీవాళ్లు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. దానికి ముందే ఊరివాళ్ల తరఫున కన్ను తెరిపించాలని ఆదినారాయణప్ప టెంకాయ, నిమ్మకాయ పట్టుకుని వచ్చాడు. సినిమా జంతువైనా సరే, గేటు దగ్గర నిలబడి ఊరి పిల్లలను చూసే బొమ్మ. దానికి మంచిచూపు ఉండాలని ఆయన పట్టుదల. కెంచమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. పార్కు పని చేసినవాళ్లంతా వచ్చారు. షామియానా చివర్న నేత్రావతి బల్ల మీద గ్లాసులు పేర్చి మజ్జిగ పోస్తోంది. ఆమె పక్కనే కొత్త బోర్డు, భయంకరమైన వేట జంతువు అని పసుపు అక్షరాల్లో.

కాటప్ప నల్లరంగు గిన్నె, సన్న కుంచె పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. బొమ్మ మొహం ఎదురుగా వచ్చింది. రెండు గుడ్లూ తెల్లగా ఉన్నాయి. కుంచె ముంచాడు. ఒక్క చుక్క చాలు. ఆ చుక్కలోనే గోపురం ఉంది, కెంచమ్మ చెప్పిన గది ఉంది, ఎనిమిదేళ్లుగా ఎదురుచూసింది ఉంది. ఆయన చేయి ఎత్తాడు. చూపు కిందికి జారి, గోనెపట్ట కప్పిన మణికట్ల మీద ఆగింది.

కుంచె గిన్నెలో వేసి నిచ్చెన దిగాడు. అందరూ చూస్తుండగా పనిసంచి దగ్గరికి వెళ్లి సుత్తి తీశాడు. తిరిగొచ్చి, చేతుల మీద కప్పిన గోనెపట్ట లాగేసి, కుడి మణికట్టు మీద కొట్టాడు. పచ్చిసిమెంటు పెళ్లలుగా రాలింది. రెండో దెబ్బకు మూడు వేళ్లూ నేల మీద పడ్డాయి. జాలీలోంచి చువ్వలు బయటికొచ్చాయి.

"ఏయ్! పట్టుకోండ్రా!" గోపికృష్ణ షామియానా కింద నుంచి పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చి పట్టిందా మేస్త్రీ? అధ్యక్షా, చెప్పప్పా నువ్వన్నా!"

ఆదినారాయణప్ప కదల్లేదు. నిమ్మకాయ చేతిలో తిప్పుకుంటూ, "ఏం చెప్పేదప్పా" అన్నాడు. "కన్ను తెరిచేదాకా బొమ్మ చేసినోడిది. తెరిచినాకనే ఊరిది. మా నాయన కాలంలో మారెమ్మని గూడా ఇట్లనే, చెవి వంకరొచ్చిందని చేసినాయనే పగలగొట్టినాడు. ఊరంతా నిలబడి చూసినారు గాని ఒక్కరూ అడ్డం పోలేదు."

"కంపెనీవాళ్లకి ఏం చెప్పల్ల నేను?"

"నిజం చెప్పు. ఇంగా కాలేదని."

గోపికృష్ణ కాటప్ప మొహానికి వేలు చూపించాడు. "గోపురం మాట మర్చిపో. ఈ తాలూకాలో నీకింగ పని లేదు" అని, ఫోన్ చెవికి పెట్టుకుని జీపు వైపు వెళ్లిపోయాడు. కాటప్ప కెంచమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఏడుస్తోందో తిడుతోందో అంతదూరం నుంచి తెలియలేదు. ఆమెకు ముందుగా చెప్పకపోవడం ఇంకో తప్పు, దానికి వేరే సంజాయిషీ చెప్పుకోవాలి. ఎడమచేయి కూడా పగలగొట్టాడు.

తర్వాత సుత్తి కింద పెట్టి, సిమెంటు దుమ్ము పంచెకు తుడుచుకుని, అందరికీ వినబడేటట్టు అన్నాడు. "బుధవారం ఈ పాప చెప్పిందే నిజం. నాకు తెలీక నవ్వినా. తప్పు నాది." తర్వాత షామియానా చివరికి చూశాడు. "నేత్రావతీ, రామ్మా. చేతులు ఎట్ల ముడుచుకుంటాయో చెప్పు. నువ్వు చెప్పినట్టే కడతా."

ఆమె గ్లాసు కింద పెట్టి వచ్చింది. జనం దారి ఇచ్చారు. బొమ్మ ముందు నిలబడి, చువ్వలు తేలిన మణికట్లను చూసింది, కింద పడ్డ వేళ్లను చూసింది. పెదవి కొరుక్కుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చేతులొక్కటే కాదు తాతా" అంది మెల్లగా. "ఇంత ఎత్తు గూడా ఉండదు."

"ఎంతుంటాది?"

ఆమె చేయి చాచి గాలిలో పట్టి చూపింది. తన తొడ సగానికి వచ్చింది. "నడుము ఇంతే. టర్కీ కోడంత ఉంటాది. తోక ఒక్కటే పొడుగు. దీని దాయాదులు పెద్దవి ఉండినాయి గాని, ఇది ఇంతే."

"మొన్న చెప్పలేదే?"

"మూడు వారాల పని నీది. ఎముకల మీద నువ్వు ఏలు పెట్టి చూస్తాంటే నాకు నోరు రాలేదు."

కాటప్ప గాలిలో ఆగి ఉన్న ఆమె అరచేతిని చూశాడు. అక్కడి నుంచి తలెత్తి, పొలుసుల పొట్ట, పొలుసుల మెడ, ఒక్కొక్కటిగా అతికించిన పళ్లు, పైన రెండు తెల్లటి గుడ్లు, వరసగా చూసుకుంటూ పోయాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వంగి సుత్తి తీసుకుని, నిచ్చెనను బొమ్మ తల దగ్గరికి జరిపి ఆనించాడు.

"అధ్యక్షా, కాస్త నిచ్చెన పట్టుకోప్పా" అన్నాడు. "పైనుంచి మొదలుపెట్టల్ల."

ఆదినారాయణప్ప నిమ్మకాయ జేబులో వేసుకుని, రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.